పచ్చి హాప్స్‌తో బీరు కాయబోతున్న మేనల్లుడికి

చిన్నా,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "వాడు ఇంట్లో బీరు కాస్తాడట, యాకిమా తోటలకు పోయి బీరులో వేసే పచ్చి హాప్స్ పూలు తెస్తాడట, నువ్వే చెప్పు వాడికి" అంది. ఆమె భయం తాగుడు గురించి, నా భయం సీసాల గురించి. సంతోషం కూడా వేసింది, దాచను. ఈ పని గురించి నన్ను అడిగేవాళ్లు మన ఇంట్లో ఇన్నేళ్లూ ఒక్కరూ లేరు.

బకెట్, గొట్టం, గరిటె, సీసాలు అన్నీ శానిటైజర్‌లో ముంచు. బీరును పులియబెట్టే ఈస్ట్‌ను 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచు. మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పాకం డబ్బా మీద కిలో చక్కెర వేయమని ఉంటే, బదులుగా లైట్ మాల్ట్ పొడి వెయ్. ఇవి నీకు తెలిసినవే.

పచ్చి హాప్స్‌లో నూటికి 80 పాళ్లు నీళ్లే. ఎండువి 30 గ్రాములు వేసేచోట ఇవి 150 గ్రాములైనా కావాలి. కోసిన 24 గంటల్లోపు వాడెయ్. సియాటిల్‌కు రెండున్నర గంటల దారి కదా, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి డిక్కీలో పడేయకు. తడి గడ్డి వామి వేసినట్టు లోపల వేడెక్కి కమిలిపోతాయి. గుడ్డసంచిలో వేసి, ఐస్ పెట్టిన డబ్బాలో తీసుకురా. తీసుకునే ముందు ఒక పువ్వును నిలువునా చీల్చి చూడు. రేకుల మొదట్లో పసుపు పొడి ఉండాలి, వేళ్లకు జిగురుగా అంటాలి. ఆ పొడే లుపులిన్, మనకు కావలసింది అదే. కాస్కేడ్ రకం దొరికితే వదలకు. 1972లో మా ఒరెగాన్‌లోనే విడుదలైంది, నలిపితే నారింజ తొక్క వాసన.

డబ్బాలోని మాల్ట్ పాకానికి హాప్స్ చేదు ముందే పట్టించి ఉంటారు. అందుకని దాన్ని మరిగించకు. పచ్చి పూలు వాసన కోసమే. 4 లీటర్ల నీళ్లలో అర కిలో మాల్ట్ పొడి మరిగించి, పొయ్యి ఆపి, 80 డిగ్రీలకు దిగాక పూలను గుడ్డలో మూటకట్టి 20 నిమిషాలు ఉంచు. మూటను గట్టిగా పిండకు, ఆకు పసరు దిగుతుంది. వాడేసిన పూలు మీ కుక్కకు అందనీయకు. హాప్స్ తిన్న కుక్కకు ఒళ్లు కాలిపోయేంత జ్వరం వస్తుంది, ప్రాణమే పోవచ్చు. మూత ఉన్న చెత్తబుట్టలో వెయ్.

ఇక నా తప్పు విను. పోర్ట్‌లాండ్ వచ్చిన రెండో ఏడు. బీరు పులిసిన బకెట్‌లో, వేడి చూపించకుండానే, పచ్చి హాప్స్ రెండు గుప్పిళ్లు వేశాను. మూడు రోజులకు, గ్యాస్‌ను బయటికి వదిలే ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయి. అయిపోయిందనుకున్నాను. నాకు తెలిసిన పులుపు కల్లుదే కదా. మా ఊళ్లో పొద్దటి కల్లు తీపి, మాపటికి పులుపు. ఆలస్యం చేస్తే పాడవుతుందనే నేర్చుకున్నాను. కానీ కల్లు లొట్టికి ఎవరూ మూత బిగించరు, నురగ పొంగినా బయటికే పోతుంది. నేను సీసాల్లో గ్యాస్ పుట్టడానికి చక్కెర కలిపి అరవై సీసాలకు మూతలు బిగించాను.

పన్నెండో రోజు రాత్రి గ్యారేజీలో తుపాకీ పేలినట్టు చప్పుడు. వెంటనే ఇంకోటి. లైటు వేస్తే గోడంతా నురగ. సోనా మసూరి బస్తాకు అరచేయంత గాజు పెంకు నిలువునా దిగి ఉంది, కన్నంలోంచి బియ్యం సన్నగా కారుతున్నాయి. పది నిమిషాల ముందే మీ అత్త ఆ బస్తా దగ్గర వంగి బియ్యం కొలుచుకుని వచ్చింది. పాప మూడు చక్రాల సైకిల్ దాని పక్కనే ఉంది. ఆ రాత్రి నేను పడుకోలేదు. తెల్లారాక మందం కోటు, కళ్లద్దాలు వేసుకుని, మీద దుప్పటి కప్పి, ఒక్కో మూత తీసి అంతా పారబోశాను. మీ అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా బాధ.

కారణం తర్వాత తెలిసింది. హాప్స్‌లో ఉండే ఎంజైములు, ఈస్ట్ తినలేక వదిలేసిన పిండిపదార్థాన్ని మళ్లీ చక్కెరగా విరగ్గొడతాయి. ఈస్ట్ మళ్లీ లేస్తుంది, సీసాలో గ్యాస్ పెరుగుతూనే ఉంటుంది. బ్రౌన్, మోరిస్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞులు 1893లోనే ఈ సంగతి రాశారు. 80 డిగ్రీల వేడినీళ్లలో నానబెట్టమన్నది వాసన కోసమే కాదు, ఆ వేడికి ఎంజైములు చచ్చిపోతాయి.

కాబట్టి బుడగలను నమ్మకు, బీరులో చక్కెర ఎంత మిగిలిందో తెలిపే హైడ్రోమీటర్‌ను నమ్ము. వరుసగా మూడు రోజులు ఒకే అంకె చూపించాలి. ఒక్క గీత దిగినా ఇంకో మూడు రోజులు ఆగు. సీసాల్లో పోసే ముందు కలిపే చక్కెర, అంటే డెక్స్‌ట్రోజ్, 23 లీటర్లకు 140 గ్రాములు దాటనీయకు, చెంచాలతో కాదు, త్రాసులో తూచు. సీసాలను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టు, మీవాళ్లు నడిచే దారిలో వద్దు.

ఒరే, ఇంత రాశానని భయపడి మానేయకు. సెప్టెంబరులో ఆ పూల వాసన ఇల్లంతా కమ్ముకుంటే నీకే తెలుస్తుంది. మూడు అంకెలూ కాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి సరే అన్నాకే మూతలు బిగించు. రాత్రి ఎంతైనా ఫోన్ చెయ్, మేలుకునే ఉంటాను.

నీ మామ