పిక్కలో సూది వేసే ముందు మోకాలు చూడు అమ్మలూ

అమ్మలూ,

కాకినాడలో సొంతంగా సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతిని కండరాలు బిగుసుకునే జబ్బు) పిల్లలకి ఆ బిగువు సడలించే బొటాక్స్ ఇంజెక్షన్లు మొదలుపెడుతున్నావంట, మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు, సగం సంతోషం సగం భయంతో రాత్రంతా నిద్రపట్టలేదు నాకు. నువ్వు డాక్టర్‌వే, కాదన్ను, కానీ ఆ పిల్లల్ని నడిపిస్తూ ముసలిదాన్నైన మేనత్తని, చెప్పకుండా ఉండలేను.

డోసు బరువుని బట్టి, అల్ట్రాసౌండ్ చూసి గుచ్చడం, బొటాక్స్ యూనిట్లు, అదే రకం మందు ఇంకో బ్రాండు డిస్‌పోర్ట్ యూనిట్లు ఒకటి కావు, ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా పిక్క దగ్గరే. ఒక బాబు ఉండేవాడు, రెండు కాళ్లూ బిగుసుకుని మునివేళ్ల మీద నడిచేవాడు. ఒక ఆస్పత్రిలో రెండు పిక్కలకీ గట్టి డోసే వేశారు, తొడ వెనక కండరాలు, హామ్‌స్ట్రింగ్స్, ఎంత బిగుసుకుని ఉన్నాయో ఎవ్వరూ చూడలేదు. రెండు వారాలకి మడమలు నేలకి ఆనాయి, వాళ్లమ్మ అందరికీ స్వీట్లు పంచిందంట. నెల తిరిగేసరికి మోకాళ్లు వంచి కుంగిపోయి నడుస్తూ నా దగ్గరికొచ్చాడు, నాలుగడుగులకే ఆయాసం. పాదం నేల మీద ఉన్నప్పుడు కాలి ఎముక ముందుకి వాలిపోకుండా వెనక్కి పట్టి ఉంచేది పిక్కలో లోపలి కండరం సోలియస్సే కదా, అది మోకాలు దాటదు కానీ మోకాలు నిటారుగా నిలబడేది దాని వల్లే, దాన్ని సడలించేస్తే పైన హామ్‌స్ట్రింగ్స్ వంచుతుంటే ఆపేదెవరు? మూడు నెలల్లో మందు దిగిపోతుందిలే అన్నారు వాళ్లు, ఆ మూడు నెలలూ పిల్లాడు పెరగడం ఆగుతాడా, వంగిన మోకాలు వంగినట్టే బిగుసుకుపోదూ? ఆ తల్లి మొహం ఇప్పటికీ మర్చిపోలేను.

పిక్కలో పైకి కనపడే కండరం గ్యాస్ట్రాక్‌కి మాత్రమే వేశాను, సోలియస్ జోలికి పోలేదు కదా అని ధైర్యంగా కూర్చోకు. కాల్గరీ యూనివర్సిటీ వాళ్లు 2008లో పిల్లుల మీద చేసి చూపించారు, సోలియస్‌లో వేస్తే పక్కనున్న ప్లాంటారిస్ అనే కండరం బలం కూడా తగ్గింది, సూది దాన్ని తాకకపోయినా. మందు కండరం చుట్టూ ఉన్న పొర దాటుతుంది తల్లీ, నీ కోసం ఒక్క కండరంలోనే ఆగదు.

నీకు చిన్నప్పటి నుంచీ తొందరే, మా డిపార్ట్‌మెంట్‌లో పారలల్ బార్స్ పట్టుకుని వేలాడుతూ దిగమంటే దిగేదానివి కాదు, కానీ ఏడ్చే పిల్లలంతా నీ దగ్గరే నవ్వేవాళ్లు, అందుకే నీ మీద నాకు అంత నమ్మకం.

ప్రతి పిల్లాడికీ సూదికి ముందూ, రెండు వారాలకీ, ఆరు వారాలకీ పక్క నుంచి నడక వీడియో తీయించు, మోకాలు కనపడేలా. కాలికి కట్టే స్ప్లింట్ కొలతలు ఇంజెక్షన్ డేట్‌కి ముందే ఇచ్చెయ్. మొదటి వీడియోలు నాకు వాట్సాప్ చెయ్యి, ఎంత రాత్రైనా చూస్తాను.

అత్త