సంతకం నీదే, చిట్టీ

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం అన్నం తింటుంటే నీ ఫోన్ మోగింది. పేరు చూడగానే ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "మా మేనేజర్" అన్నావు, మళ్ళీ కంచం ముట్టలేదు. అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు.

31 ఏళ్ళు బ్యాంకులో చేశాను. కఠినమైన మేనేజర్లు నాకూ దొరికారు. ఒకాయన క్యాష్ టాలీ కాకపోతే రాత్రి తొమ్మిదైనా కదలనిచ్చేవారు కాదు. కానీ తనూ పక్కనే కూర్చుని వోచర్లు తిరగేసేవారు. ఆయన కోపమంతా లెక్క మీదే. మీవాడి సంగతి వేరు. పొద్దున కాల్‌లో అందరూ వింటుండగా "నీకు జీతం దండగ" అంటాడు, మధ్యాహ్నం పిలిచి "నీ మంచికే చెప్పా" అంటాడు. ఆర్నెల్లలో మీ బ్రాంచి నుంచి నలుగురు మానేశారన్నావు. నలుగురూ చేతకానివాళ్ళేనా తల్లీ?

నాకు అన్నిటికన్నా భయం వేసింది ఎక్కడంటే, ఎఫ్‌డీ వేద్దామని వచ్చిన పెన్షనర్ చేత ఇన్సూరెన్స్ కట్టించమన్నాడని చెప్పావే, అక్కడ. రేపు ఫిర్యాదు వస్తే "నేను చెప్పలేదే" అంటాడు. ఫారం మీద సంతకం నీది, సిస్టంలో ఐడీ నీది. ఒకప్పుడు నేనూ పైవాళ్ళ నోటిమాట నమ్మి ఒక లోన్ కాగితం మీద సంతకం పెట్టాను. ఏడాదిన్నర సంజాయిషీలు రాసుకున్నాను. చెప్పినాయన అప్పటికే బదిలీ అయి వెళ్ళిపోయాడు.

అందుకని అలాంటి పని చెప్పినప్పుడు వాదించకు, చెయ్యనూ చెయ్యకు. సాయంత్రానికల్లా మర్యాదగా మెయిల్ పెట్టు: "కస్టమర్ అడిగింది ఎఫ్‌డీ. మీరు పాలసీ ఇవ్వమన్నారు. ఏం చేయాలో తెలుపగలరు." చాలాసార్లు దానికి జవాబు రాదు, ఆ ఆర్డరూ మళ్ళీ రాదు. ఇప్పటికే అలా కట్టించినవి ఉంటే, పాలసీ చేతికి అందిన 30 రోజుల్లో ఫ్రీ లుక్ కింద వెనక్కి ఇవ్వొచ్చని ఆ పెద్దాయనకు నువ్వే చెప్పు. టార్గెట్ తగ్గితే తగ్గనీ.

తిట్టిన ప్రతిసారీ తేదీ, టైము, అన్న మాటలు, విన్నవాళ్ళ పేర్లు ఇంట్లో నోట్‌బుక్‌లో రాసుకో. ఆఫీసు లాప్‌టాప్‌లో వద్దు. హెచ్‌ఆర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ముగ్గురు కలిసి తేదీలతో రాసిస్తే పక్కన పడెయ్యడం కష్టం.

మానాలనుకుంటే కోపం మీద మానకు. నోటీస్ పీరియడ్ ఎంతో చూసుకో, కొన్ని నెలల ఈఎంఐలకు డబ్బు పక్కన పెట్టుకో, రిలీవింగ్ లెటర్ చేతికి తీసుకునే బయటికి రా. అయితే నిద్రలేని రాత్రులు ఇలాగే పెరుగుతుంటే ఈ లెక్కలేవీ చూడకు, బ్యాగు సర్దుకుని వచ్చెయ్. అర్ధరాత్రి గుండె దడగా ఉంటే నాకు చెయ్యి. నన్ను లేపడానికి మొహమాటమైతే మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

"ఈ రోజుల్లో ఉద్యోగం దొరకడమే గొప్ప" అని మీ అమ్మ అంటుందనేగా నీ టెన్షన్? దానితో నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ