పరీక్షలో అదనపు సమయం: ఎవరిని, ఎప్పుడు అడగాలి?

ప్రశ్న: నేను కావలిలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. చిన్ననాటి నుంచి చూపు చాలా తక్కువ. సదరం సర్టిఫికెట్‌లో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువీకరణ పత్రంలో) వైకల్యం 70 శాతం అని రాశారు. పోయిన సెమిస్టర్‌లో అకౌంటెన్సీ ప్రశ్నపత్రంలోని అంకెలు కూడబలుక్కునేసరికే సమయం అయిపోయింది. ఆఫీసులో అడిగితే హాల్ టికెట్లు వచ్చాక చూద్దామన్నారు. ఇంట్లో మాత్రం, ఇవన్నీ కాగితాల మీదికి ఎక్కితే రేపు సంబంధాలు చూసేటప్పుడు అడ్డమవుతాయని వద్దంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: హాల్ టికెట్లు వచ్చేదాకా ఆగవద్దు. అదనపు సమయమైనా, స్క్రైబ్ (మనం చెబుతుంటే జవాబులు రాసిపెట్టే సహాయకులు) అయినా, పెద్ద అక్షరాల ప్రశ్నపత్రమైనా పరీక్ష గదిలోని ఇన్విజిలేటరు తన ఇష్టం మీద ఇవ్వగలిగినవి కావు. పరీక్షల విభాగం ముందుగా అనుమతించి, పరీక్షా కేంద్రానికి ఆ సంగతి తెలియజేయాలి. అందుకని ఫీజు నోటిఫికేషన్ కూడా రాకముందే, సెమిస్టర్ తొలి వారాల్లోనే, మీ కళాశాల విక్రమ సింహపురి విశ్వవిద్యాలయానికి అనుబంధమైనదైతే అక్కడి పరీక్షల నియంత్రణాధికారి పేరున ప్రిన్సిపాల్ ద్వారా దరఖాస్తు పెట్టండి. సదరం సర్టిఫికెట్ నకలును, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఉంటే దాని నకలును జతచేయండి. దరఖాస్తు రెండో ప్రతి మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకొని దగ్గర ఉంచుకోండి.

దరఖాస్తులో రాసే మాటల మీదే చాలావరకు ఫలితం ఆధారపడి ఉంటుంది. ‘దృష్టి లోపం ఉన్నందున సహకరించగలరని ప్రార్థన’ అని రాస్తే, దాన్ని అందుకున్న గుమాస్తాకు తాను ఏం చేయాలో తెలియదు. మీ లోపాన్ని వర్ణించడం కంటే మీకు కావలసినవాటిని విడివిడిగా చెప్పండి: ప్రశ్నపత్రం 18 పాయింట్ల అక్షరాల్లో ముద్రించి ఇవ్వాలి, మూడు గంటల పరీక్షకు అదనంగా ఒక గంట ఇవ్వాలి, వెలుతురు బాగా పడేచోట సీటు వేయాలి, భూతద్దం వెంట తెచ్చుకోవడానికి అనుమతించాలి. ఆ గంట ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 17వ సెక్షన్ అదనపు సమయాన్నీ, స్క్రైబ్‌నూ పేరుపెట్టి చెప్పింది; 40 శాతం, అంతకు పైగా వైకల్యం ఉన్నవారు స్క్రైబ్ సాయం తీసుకోకపోయినా మూడు గంటల పరీక్షకు కనీసం ఒక గంట అదనంగా ఇవ్వవచ్చని కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చింది. చదవగలిగితే మీరే రాసుకోవడం మేలని నా అభిప్రాయం. బ్యాలెన్స్ షీటులో ఏ అంకె ఏ గడిలో పడాలో మరొకరికి నోటితో చెప్పి వేయించడం ముందుగా సాధన లేకపోతే చాలా కష్టం.

ఇక ఇంట్లోవాళ్ల మాట. మన వైపు సంబంధాల దగ్గర ఎన్ని ఆరాలు తీస్తారో ఎరిగినదాన్నే కాబట్టి వారి భయాన్ని కొట్టిపారేయను. అయితే సదరం సర్టిఫికెట్ తీసుకున్ననాడే ఈ విషయం ప్రభుత్వ రికార్డుల్లోకి చేరింది; కళాశాలకు ఇచ్చే దరఖాస్తు కొత్తగా బయటపెట్టేదేమీ లేదు. వివరాలను సంబంధిత అధికారులు తప్ప ఇతరులు చూడకుండా గోప్యంగా ఉంచవలసిందిగా దరఖాస్తులోనే ఒక వాక్యం చేర్చండి. సమాధానాలు తెలిసీ, సమయం చాలక సబ్జెక్టు తప్పితే అమ్మాయికి కలిగే నష్టమేమిటో మీ అమ్మానాన్నలతో నెమ్మదిగా మాట్లాడండి. వీలైతే ఈ జవాబును వారికే చదివి వినిపించండి.

కుదరదని ఎవరైనా అంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇమ్మనండి. సహేతుకమైన సదుపాయాన్ని నిరాకరించడం కూడా వివక్షేనని చట్టం నిర్వచించింది. నెల్లూరులోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయాన్ని కలవవచ్చు. అక్కడా పని జరగకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసే హక్కు మీకుంది.

ప్రశ్న: మా తమ్ముడు ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాడు. పది నిమిషాలు రాస్తే చాలు, కుడిచేతి వేళ్లు బిగుసుకుపోతాయి. సదరం క్యాంపులో 40 శాతం రాలేదు. వాడికి ఇక దారి లేదా?
– ఒక అక్క, పొదిలి

జవాబు: ఉందమ్మా. సరిగ్గా ఇటువంటి ఇబ్బందే ఉన్న వికాశ్ కుమార్ అనే అభ్యర్థి సివిల్స్ పరీక్షకు స్క్రైబ్‌ను కోరగా యూపీఎస్సీ కాదన్నది. 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, స్క్రైబ్ సదుపాయాన్ని 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నవారికే పరిమితం చేయడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు దరిమిలా 2022 ఆగస్టులో, 40 శాతం లోపు వైకల్యం ఉండి రాయడం కష్టమైనవారి కోసం కేంద్రం ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటితో స్క్రైబ్‌ను, గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయాన్ని అడిగే వీలు వచ్చింది. కళాశాల ప్రవేశాల సీట్లలో 5 శాతం రిజర్వేషన్ మాత్రం 40 శాతం, ఆ పైన ఉన్నవారికే వర్తిస్తుంది.

దీనికి సదరం సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. ఈ విద్యార్థికి రాయడంలో పరిమితి ఉందని, పరీక్ష రాయడానికి స్క్రైబ్ తప్పనిసరి అని ప్రభుత్వ వైద్యాధికారులు నిర్ణీత నమూనాలో విడిగా ధ్రువీకరించాలి. ఒంగోలులో మనమంతా ఇప్పటికీ రిమ్స్ అని పిలుచుకునే ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో దీని గురించి విచారించండి. వెళ్లేటప్పుడు ఆ నమూనా పత్రాన్ని ముద్రించి తీసుకువెళ్లండి, తమ్ముడు వేళ్లు బిగుసుకున్నాక రాసిన పేజీలు ఒకటి రెండు కూడా డాక్టరుకు చూపించండి. సంతకం పెట్టించేముందు పై రెండు విషయాలూ పత్రంలో ఉన్నాయో లేవో సరిచూసుకోండి. రెండోది లేకపోతే పరీక్షల విభాగం దాన్ని తిప్పి పంపే అవకాశం ఉంది.