సోంపు వ్యాపారం మొదలుపెట్టబోతున్న చెల్లెలి కూతురికి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు ఉద్యోగం మానేసి ఇంట్లోనే సోంపు పొడులు, కషాయం పొట్లాలు, షర్బత్ పొడి తయారుచేసి అమ్మబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో మసాలాలు దంచడం తెలిసిన ఆడవాళ్ళకు కొదవ లేదు గానీ, దాన్ని వ్యాపారంగా పెట్టే తెగువ నా తరువాత నీకే వచ్చిందని గర్వపడ్డాను. ఆ తరువాత తను నీ జాబితా చదివి వినిపించింది. అందులో ‘పసిపిల్లల కడుపునొప్పికి సోంపు నీళ్ళ పొడి’ అన్న మాట వినేసరికి నా గుండె గుభేలుమంది. ఫోనులో చెబితే ‘సరే పెద్దమ్మా’ అని పెట్టేస్తావని తెలుసు కనుక ఉత్తరం రాస్తున్నాను.

ముందు సరుకు సంగతి. మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో సోంపు అని అడిగితే ఇచ్చేది పొడుగ్గా, పచ్చగా, నిలువు గీతలతో ఉండే గింజ. అది ఎక్కువగా గుజరాత్, రాజస్థాన్‌లలో పండి, ఊంఝా మార్కెట్ మీదుగా దేశమంతా వెళ్తుంది. కొందరు దీనితో కలగలిపే ఎనిస్ అనేది వేరే మొక్క. అది తూర్పు మధ్యధరా తీరానికి చెందినది. దాని గింజ ఇంకా చిన్నగా, కోడిగుడ్డు ఆకారంలో, బూడిదరంగు కలిసిన పచ్చదనంతో ఉంటుంది, వేలితో తడిమితే సన్నని నూగు తగులుతుంది, చాలా గింజలకు తొడిమ ముక్క అంటుకునే ఉంటుంది. మీ పెదనాన్నగారు ఓడల్లో పనిచేసే రోజుల్లో తుర్కీ రేవుల నుంచి ఆ గింజలు తెస్తే, రెండింటినీ పక్కపక్కన పళ్ళెంలో పోసి చూసేదాన్ని. ఈ రెండూ జీలకర్ర, వాము, ధనియాల కుటుంబానివే. బిరియానీలో వేసే అనాస పువ్వు మాత్రం దక్షిణ చైనా, వియత్నాం ప్రాంతపు చెట్టు కాయ. దానికీ వీటికీ చుట్టరికమే లేదు. అయినా మూడింటిలోనూ ఆ తీపి వాసనకు కారణం అనెథోల్ అనే ఒకే నూనె పదార్థం కనుక, దంచిన తరువాత ఏది ఏదో ముక్కు చెప్పలేదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకో, కిందికి వచ్చేసరికి అవసరం పడుతుంది.

మరీ నిగనిగలాడే పచ్చ గింజను నమ్మవద్దు. తడిపిన తెల్ల గుడ్డ మీద రుద్ది చూడు, రంగు దిగితే ఆ బస్తా వెనక్కి పంపించు. నూనె తీసేసిన పిప్పి గింజలను కూడా బజారులో అమ్ముతారు. అవి చూపుకు బాగానే ఉంటాయి, నాలుగు గింజలు నమిలితే గడ్డి నమిలినట్టుంటుంది. కొనే ముందు తప్పకుండా నమలాలి, కొట్టువాడు నవ్వినా సరే.

మన విశాఖలో అన్నిటికన్నా పెద్ద శత్రువు సముద్రపు గాలి. మీ ఫ్లాటు డాబా మీద ఆరబోస్తే ఎండకు ఎండినంతసేపు ఎండి, సాయంత్రం గాలి మళ్ళగానే గింజ మళ్ళీ చెమ్మ పీల్చుకుంటుంది. చిన్న మంట మీద, గింజ చిటపటమనక ముందే, వాసన లేచీ లేవగానే దించాలి; పూర్తిగా చల్లారాకే డబ్బాకు ఎత్తాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి వారం తిరక్కుండా ముక్కిన వాసన వస్తుంది. పొడి మాత్రం ఆర్డరు వచ్చాకే కొట్టు, ఎందుకంటే నూనె ఎగిరిపోయిన సోంపు పొడికి రంగు తప్ప ఏమీ మిగలదు. కషాయం కాచేవాళ్ళకు కూడా గింజను అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా నలిపి, మరిగిన నీళ్ళు పోసి, మూత పెట్టి ఉంచమని పొట్లం మీద రాయి.

వంటకు అమ్మేవాటిలో నీకు పెద్దగా చెప్పాల్సింది లేదు. మాంసం మసాలాలో ధనియాలు వేగాక చివరలో సోంపు వేయాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. మన వీధి ఒడియావాళ్ళు సోంపు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, నల్ల జీలకర్ర కలిపి పప్పులో వేసే పోపు చాలా బాగుంటుంది. ఆ పొట్లం పెడితే ఈ ఊళ్ళో అమ్ముడుపోతుంది. షర్బత్‌కు గింజలను రాత్రి నానబెట్టి రుబ్బి వడకట్టి, పటికబెల్లంతో పాటు పాడేరు మిరియాలు రెండు మూడు నలిపి వేసి చూడు. భోజనం తరువాత నమలడానికి నిమ్మరసం, ఉప్పు పట్టించి వేయించిన సోంపు కూడా పెట్టు. ఆవకాయలో సోంపు వేసి ‘కొత్త రుచి’ అని అమ్ముతావట. అది ఉత్తరాది పచ్చడికి అందం. మన ఆవకాయ జోలికి రావద్దు. వస్తే ఆ సీసా మీద మన ఇంటిపేరు వేయకు.

ఇక అసలు విషయం. మీ అన్నయ్య పుట్టిన ఏడాది మీ అమ్మ పురిటికి వన్ టౌన్‌లోని మా ఇంటికి వచ్చింది. పిల్లవాడికి ఇంకా రెండో నెల నిండలేదు. పొద్దు వాలిందంటే కాళ్ళు ముడుచుకుని ఏడ్చేవాడు. సోంపు కన్నా అనాస పువ్వు కషాయం గట్టిగా పనిచేస్తుందని ఎవరో చెబితే, మీ అమ్మమ్మ ఒక కొట్టు నుంచి పొడి తెప్పించింది. దాని మీద పేరు లేదు, ఎక్కడి సరుకో లేదు, పాత కాగితంలో కట్టిన పొట్లం. అది కాచి ఉగ్గుగిన్నెతో పట్టింది. ఆ రాత్రి వాడు వరసగా వాంతులు చేసుకున్నాడు, పాలు ముట్టలేదు, తలుపు చప్పుడైనా ఒళ్ళంతా ఉలిక్కిపడి చేతులు వణికేవి. ఆసుపత్రికి ఎత్తుకుపోయాము. డాక్టరుగారు మొదట అడిగింది ‘ఏం పట్టారు?’ అనే. మీ అమ్మమ్మ కొంగులో చుట్టి తెచ్చిన ఉగ్గుగిన్నె తీసి ఇచ్చింది. అడుగున ఇటుక రంగు మడ్డి. ఆయన వాసన చూసి, మళ్ళీ చూసి, ‘సోంపు వాసనే కదమ్మా వస్తోంది, ఇందులో ఏముందో నేనెలా చెప్పను?’ అన్నారు. మాలో ఎవరమూ జవాబు చెప్పలేకపోయాము. పిల్లవాడు దేవుడి దయవల్ల తేరుకున్నాడు, ఈ రోజు గాజువాకలో ఇంటిల్లిపాదికీ వండిన బిరియానీ ఒక్కడే తినగలడు. మీ అమ్మమ్మ మాత్రం బతికున్నంతకాలం అనాస పువ్వును వంటింట్లోకి రానివ్వలేదు.

అది ఆ పొడి వల్లనే జరిగిందని ఎవరూ తేల్చలేదు. అయితే 2003లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనాస పువ్వు టీలు తాగవద్దని ప్రజలను హెచ్చరించింది. పసిపిల్లలతో సహా కొందరికి వాంతులు, వణుకు, మూర్ఛలు వచ్చాయన్నది ఆ హెచ్చరికకు కారణం. అనాస పువ్వుకు జపాన్‌లో అచ్చం అలాగే ఉండే జ్ఞాతి ఒకటి ఉంది. దానిలోని అనిసాటిన్ నరాల మీద పనిచేసే విషం. ఎండిన కాయలను కంటితో చూసి వేరుచేయడమే కష్టమైతే, పొడి కొట్టాక ఎవరి తరం?

‘నాది అనాస పువ్వు కాదు, సోంపు’ అంటావు. సోంపు టీని కూడా నాలుగేళ్ళలోపు పిల్లలకు సిఫారసు చేయబోమని ఐరోపా ఔషధ సంస్థ చెబుతోంది. దానిలో కొద్దిగా ఉండే ఎస్ట్రగోల్ అనే పదార్థం గురించి వాళ్ళ జాగ్రత్త అది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. బొజ్జ నిండా సోంపు నీళ్ళు పోస్తే బిడ్డ పాలు ఎక్కడ తాగుతాడు? పైగా మన దేశంలో రెండేళ్ళలోపు పిల్లల ఆహారానికి ప్రచారం చేయకూడదని 1992 నాటి చట్టం ఉంది, దాన్ని 2003లో మరింత బిగించారు. కనుక ఆ పొడిని జాబితాలోంచి కొట్టేయి. ఇది సలహా కాదు, ఆజ్ఞ అనుకో.

పెద్దవాళ్ళకు మాత్రం సోంపు మంచి మిత్రుడే. తిన్నది అరగక కడుపు ఉబ్బినప్పుడు, నోటి వాసనకు, దగ్గుకు మనవాళ్ళు తరతరాలుగా వాడుతున్నారు. ఆయుర్వేదం దాన్ని మిశ్రేయ అంటుంది. బాలింతకు పాలు పడతాయని కూడా ఇస్తాము, నాకూ మా అమ్మ ఇచ్చింది, కానీ డబ్బు తీసుకుని ఆ మాట హామీగా ఇవ్వకు. గర్భిణులు వంటలో తినేంత తినవచ్చు, కషాయంగా రోజూ తాగకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు మందులు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా తాగకూడదని అట్ట మీద వేయి. సోంపు నూనెను లోపలికి తీసుకోమని ఎవరికీ చెప్పకు.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనే కేంద్ర ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ అయ్యాకే మొదటి పొట్లం అమ్ము. ‘జబ్బు నయమవుతుంది’ అన్న మాట ఆహారపు పొట్లం మీద రాయకూడదు, అలా రాయాలంటే ఆయుర్వేద మందులకు ఇచ్చే ఆయుష్ లైసెన్సు కావాలి. గింజ పేరు, ఎక్కడి నుంచి కొన్నావో, ఏ రోజు కొట్టావో ప్రతి బస్తాకూ ఒక పుస్తకంలో రాసుకో. రేపు ఏ డాక్టరైనా ‘ఇందులో ఏముంది?’ అని అడిగితే నీ దగ్గర జవాబు ఉండాలి.

లేబుళ్ళు అచ్చుకు ఇచ్చే ముందు చిత్తుప్రతి నాకు పంపించు, కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూస్తాను. నా పాత పిండిమర యంత్రం అటక మీద ఊరికే పడి ఉంది, బెల్టు ఒక్కటి మార్పిస్తే చాలు. ఆదివారం మీ ఆయనను ఆటో తీసుకుని రమ్మను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ