ఫోనోగ్రాఫ్ మోత తగ్గించాలంటే

అమ్మాయ్,

నువ్వు కొన్న ఎడిసన్ స్టాండర్డ్ ఫోనోగ్రాఫ్ ఫోటోలు చూశాను, కీ ఇస్తే తిరుగుతూ గొట్టం లాంటి సిలిండర్ల మీది పాటలు వినిపించే ఆ పాత యంత్రానివి. పెట్టె చెక్క బాగుంది, నంబరు రేకు చెక్కుచెదరలేదు. న్యూజెర్సీ ఎడిసన్ టౌన్‌షిప్‌లో ఉంటూ దీన్ని ఇంటికి తెచ్చుకోవడం నాకు ఎంతో సంతోషంగా ఉంది. 1877లో మొదటి ఫోనోగ్రాఫ్ పుట్టిన మెన్లో పార్క్ మీ ఊళ్ళోనే కదా. అక్కడ ఉండే మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

మోటారు మోతలో పాట వినబడట్లేదని, పెట్టె లోపల స్పాంజి అంటిస్తే తగ్గుతుందా అని అడిగావు. ఆ పని చేయకు. మోత ఎక్కడో అరుగుదల ఉందని చెబుతుంది. దాన్ని కప్పేస్తే అరుగుదల లోపల సాగుతూనే ఉంటుంది, నీకు తెలియదు. పైగా స్పాంజి ముక్కలు ఊడి పళ్ళచక్రాల్లో పడతాయి.

ముందు మోత ఎక్కడ పుడుతోందో పట్టుకో. సిలిండర్ తీసేసి, రిప్రొడ్యూసర్‌ను (ముల్లుతో గాడిని చదివి పాట వినిపించే భాగం) పైకెత్తి ఉంచి, తోలు బెల్టు కూడా తప్పించి మోటారును ఒంటరిగా తిరగనివ్వు. అప్పుడూ మోత ఉంటే తప్పు కింద మోటారులోనే ఉంది. లేకపోతే బెల్టు వేసి విను, తర్వాత ఫీడ్ నట్ (మర మీద ఆని రిప్రొడ్యూసర్‌ను పక్కకు నడిపే ముక్క) దింపి విను, చివర్లో సిలిండర్ పెట్టి విను. ఒక్కో మెట్టులో ఏ చప్పుడు కొత్తగా చేరిందో రాసుకో.

చప్పుడు తీరు కూడా చాలా చెబుతుంది. ఈ సిలిండర్లు నిమిషానికి 160 చుట్లు తిరగాలి, అంటే సెకనుకు రెండున్నర చుట్లకు కాస్త ఎక్కువ. ఆ లయలోనే దడదడ వస్తుంటే సిలిండర్ గుండ్రం తప్పిందనో, సరిగ్గా కూర్చోలేదనో అనుకో. 1912 నుంచి వచ్చిన బ్లూ ఆంబెరాల్ అనే సెల్యులాయిడ్ సిలిండర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. వాటి లోపలి ప్లాస్టర్ చెమ్మకు ఉబ్బుతుంది. అంతకంటే నెమ్మదిగా, క్రమం తప్పకుండా టక్, టక్ మంటే బెల్టు అతుకు. అతుకు దగ్గర రెండు కొసలనూ ఏటవాలుగా పల్చగా చెక్కి అతికించాలి, లేకపోతే అది కప్పీ మీదికి వచ్చిన ప్రతిసారీ తన్నుతుంది. బెల్టుకు నూనె మాత్రం పెట్టకు, జారి స్వరం వణుకుతుంది. ఇక ఎప్పుడో ఒకసారి, లెక్క లేకుండా, అడుగు నుంచి ధన్ మని కొడితే అది మోటారును తిప్పే పెద్ద స్ప్రింగే. దాని డబ్బాలో పాత గ్రీజు జిగురులా గట్టిపడి, చుట్లు ఒకదానికొకటి అంటుకుని ఒక్కసారిగా విడిపోతున్నాయన్నమాట.

ఎడతెగని గరగర, కీచుమనడం అయితే నా అనుమానం ఎప్పుడూ గవర్నర్ మీదకే, అంటే మోటారు వేగాన్ని నిలకడగా ఉంచే భాగం మీదకే పోతుంది. దాని మీద ఉండే మూడు బరువులూ ఒక్క తూకంలో తిరగాలి. వాటిని పట్టుకునే పల్చటి స్ప్రింగ్ రేకుల్లో ఒకదానికి చీలిక వచ్చినా ఇరుసు అదురుతుంది, ఆ అదురు పెట్టెంతా పాకుతుంది. మార్చాల్సి వస్తే మూడూ కలిపి ఒకే మందంవి వెయ్యి. ఇరుసు అటూ ఇటూ ఆడకూడదు, అలాగని బిగుసుకుపోనూ కూడదు. వేగాన్ని ఆపే మెత్త ఎండిపోతే కీచుమంటుంది, దానికి ఒక్క చుక్క నూనె చాలు. కుట్టుమిషను నూనె శ్రేష్ఠం. తుప్పు వదిలించే స్ప్రేలతో సరిపెట్టుకోకు. అవి ఆరిపోయాక లోహానికి లోహం రాసుకుంటుంది. పాత నూనె మడ్డిని కిరసనాయిలు తడిపిన బ్రష్షుతో తీసి, పూర్తిగా ఆరాకే కొత్త నూనె వెయ్యి. పళ్ళచక్రాలకు పల్చగా గ్రీజు.

ఫీడ్ నట్‌ను గట్టిగా నొక్కితే పట్టు బాగుంటుందని చాలామంది దాని స్ప్రింగ్ బిగిస్తారు. నాకు అది అస్సలు నచ్చదు. అంగుళానికి నూరు చుట్లున్న సన్నని మర అది. తేలిగ్గా ఆనితే చాలు. నొక్కితే గరగరమనడమే కాదు, మర అరిగిపోతుంది.

ఇంత చేశాక కూడా పాటలోనే జరజర వినిపిస్తే రిప్రొడ్యూసర్ చూడాలి. అందులో అదిరి ధ్వని పుట్టించే పల్చటి బిళ్ళ, డయాఫ్రం, చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్లు ఇన్నేళ్ళకు రాయిలా అయిపోయి ఉంటాయి. మెత్తటి కొత్తవి వేసిన రోజు ఆ తేడా విని నువ్వే ఆశ్చర్యపోతావు. హారన్ అతుకు వదులైనా జరజరమంటుంది, అదీ తడిమి చూడు.

రిప్రొడ్యూసర్ మీద అక్షరం ఏముందో రాయలేదు నువ్వు. అది ముఖ్యం. "సి" ఉంటే రెండు నిమిషాల సిలిండర్లకే వాడాలి. 1908లో వచ్చిన నాలుగు నిమిషాల వాటికి "హెచ్" కావాలి, "కె" అయితే రెండింటికీ తిప్పుకోవచ్చు. నాలుగు నిమిషాల వాటిలో గాడులు రెట్టింపు దగ్గరగా ఉంటాయి. వాటి మీద "సి" పెడితే గాడులు చెడిపోతాయి. వజ్రపు ముల్లున్నది ఎవరైనా అమ్ముతామంటే, అది సెల్యులాయిడ్ బ్లూ ఆంబెరాల్‌లకే. మైనం మీద పెడితే చెక్కేస్తుంది.

మైనపు సిలిండర్‌ను బయటినుంచి పట్టుకోవద్దు. రెండు వేళ్ళు లోపల పెట్టి, కొంచెం విడదీసి ఎత్తాలి. చలికాలంలో మీ దగ్గర ఇల్లు చల్లగా ఉంటే చేతి వేడికే పగులుతుంది, గదిలో కాసేపు ఉంచి తియ్యి. పాట అయిపోగానే మాండ్రెల్ (సిలిండర్‌ను తొడిగే తిరుగుడు గొట్టం) మీంచి తీసెయ్యి. తెల్లటి బూజు మచ్చలు కనిపిస్తే తడిగుడ్డ, స్పిరిటు జోలికి పోవద్దు. అక్కడ బూజు మైనాన్ని తినేసింది, ఆ గరగర తుడిచినా పోదు. అరుదైనవి వినాలనిపిస్తే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు వేల సిలిండర్లను డిజిటల్ చేసి ఉచితంగా పెట్టారు, అక్కడ విను. నీ దగ్గరున్నవాటిని ఊరికే అరగదీయకు.

వేగం చూసుకోవడానికి మాండ్రెల్ అంచున చిన్న కాగితం ముక్క అంటించి పదిహేను సెకన్లు లెక్కపెట్టు. నలభై చుట్లు రావాలి.

ఈ పనులన్నీ నువ్వు చేయగలవు, ఒక్కటి తప్ప. స్ప్రింగ్ డబ్బా విప్పకు. కీ అంతా దిగిపోయినట్టు కనిపించినా లోపల బలం మిగిలే ఉంటుంది. అది విసిరికొడితే వేళ్ళు తెగుతాయి. వేసవిలో నేను వచ్చినప్పుడు గ్లవ్స్, కళ్ళద్దాలు పెట్టుకుని ఇద్దరం కలిసి విప్పుదాం. వాజలీన్, గ్రాఫైట్ పొడి తెప్పించి ఉంచు. అప్పటిదాకా కీ సగమే ఇవ్వు.

నీ పెద్దమామయ్య