అమ్మాయి కోరుకున్నది ప్రిన్సిపాల్ కుర్చీనా, సిస్టర్ చీరనా?

ప్రశ్న: మాది కాజీపేట, ఫాతిమానగర్ విచారణ (చర్చి పారిష్). నేను రైల్వే ఉద్యోగిని. మా అమ్మాయి హన్మకొండలో క్యాథలిక్ సిస్టర్లు నడిపే కాలేజీలో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రిన్సిపాల్ సిస్టర్ గారిని చూసి తానూ మఠంలో చేరతానని, ఆమెలాగే కాలేజీ నడుపుతానని అంటోంది. ఏం చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది? జీతం ఉంటుందా? మధ్యలో వద్దనుకుంటే తిరిగి రావచ్చా? వాళ్లమ్మ రెండు వారాలుగా సరిగా అన్నం తినడం లేదు.
– ఒక తండ్రి, కాజీపేట

జవాబు: మీ అమ్మాయి రెండు కోరికలను ఒకే మాటలో చెప్పింది. మీరూ వాటిని విడదీయకుండానే నాకు పంపారు. ప్రిన్సిపాల్ కావాలంటే మఠంలో చేరక్కరలేదు. మఠంలో చేరితే ప్రిన్సిపాల్‌ను చేస్తామని ఏ సభా (సిస్టర్ల సంఘం) మాట ఇవ్వదు. ముందు ఈ ముడి విప్పాలి.

చదువు సంగతి తేలిక. యూజీసీ దగ్గర సిస్టరైనా, ఇద్దరు పిల్లల తల్లైనా ఒకటే లెక్క. లెక్చరర్ (అసిస్టెంట్ ప్రొఫెసర్) పోస్టుకు పీజీలో 55 శాతం మార్కులు, ఆపై జాతీయ అర్హత పరీక్ష నెట్ లేదా రాష్ట్రంలో జరిగే సెట్ కావాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు పీహెచ్‌డీ తప్పనిసరి అన్న నిబంధనను 2023 జులై నుంచి తీసేశారు. ప్రిన్సిపాల్‌కు మాత్రం 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ, 15 ఏళ్ల బోధన లేదా పరిశోధన అనుభవం, కనీసం 10 పరిశోధన వ్యాసాలు ఉండాలి. పదవీకాలం అయిదేళ్లు, మహా అయితే ఇంకో అయిదేళ్లు. ప్రైవేటు కాలేజీల్లో ఇవన్నీ ఎంత నిక్కచ్చిగా అమలవుతాయో మీకూ నాకూ తెలిసిందే. అయినా దగ్గరి దారిని నమ్ముకుని లెక్కలు వేసుకోకూడదు. ఈ రోజు డిగ్రీలో ఉన్న పిల్ల ఆ కుర్చీ దాకా వెళ్లేసరికి నలభై దాటుతుంది.

మఠం లెక్క వేరు. మొదట కొంతకాలం అభ్యర్థిగా ఉంటారు. తర్వాత నోవిషియేట్, అంటే వ్రతాలకు ముందు శిక్షణ కాలం. తిరుసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం అది ఏడాదికి తగ్గకూడదు, రెండేళ్లకు మించకూడదు. ఆ కాలంలో కాలేజీ చదువులు పెట్టుకోకూడదని కూడా ఆ చట్టమే చెబుతుంది. ఆ తర్వాత తాత్కాలిక వ్రతాలు: పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఇవి మూడేళ్ల నుంచి ఆరేళ్లు, అవసరమైతే మొత్తం తొమ్మిదేళ్ల దాకా. అప్పుడుగానీ శాశ్వత వ్రతాలు ఉండవు. నోవిషియేట్‌లో ఉండగా ఏ రోజైనా ఇంటికి వచ్చేయవచ్చు. తాత్కాలిక వ్రతాల గడువు ముగిసినప్పుడూ స్వేచ్ఛగా వెళ్లిపోవచ్చు. శాశ్వత వ్రతాల తర్వాత అయితే అనుమతి కావాలి. సభ ఏ తరహాదో బట్టి అది రోము నుంచో, పీఠాధిపతి (బిషప్) నుంచో వస్తుంది. అలా వచ్చేసినవాళ్లు ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను, డబ్బివ్వండి అని అడగడానికి వీల్లేదు. వాళ్ల పట్ల న్యాయంగా, దయగా ఉండమని మాత్రం చట్టం సభకు చెబుతుంది.

ఇక జీతం. కాగితం మీద ఆమె పేరుతో ఉన్నా, అది సభ సొమ్ము. ఎయిడెడ్ సంస్థల్లో పనిచేసే సిస్టర్లు, ఫాదర్ల జీతాల్లో ఆదాయపు పన్ను కోయవచ్చా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డబ్బు సభకు చేరినా పన్ను కోయాల్సిందేనని 2024 నవంబరులో తేలింది. మీ ఇంటికి మాత్రం అందులో రూపాయి రాదు. తమ్ముడి ఫీజుకు అక్క జీతం ఆసరా అవుతుందన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఇప్పుడే తీసేయండి.

విధేయత అంటే ఏమిటో ఒక జూన్ నెలలో కళ్లారా చూశాను. ఓ కాలేజీలో పిల్లలతో మాట్లాడటానికి వెళితే ప్రిన్సిపాల్ సిస్టర్ గది సర్దుకుంటున్నారు. ఎనిమిదేళ్లు కాలేజీని నడిపిన మనిషి. ములుగు వైపు ఒక పల్లెలోని హైస్కూలుకు బదిలీ చేస్తూ సభ ప్రాంతీయ అధికారి ప్రొవిన్షియల్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఎనిమిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పాలి. ఆమె సామాను రెండు సంచులు. బల్ల మీద దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్ల కాగితాలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల ఫైలు, దారంతో కట్టిన తాళాల గుత్తి. బాధగా లేదా అని అడిగాను. ఆమె గుత్తిలోంచి ఒక తాళం వేరు చేసి, “ఇది హాస్టల్ బోరు మోటారు గదిది, కొత్త సిస్టర్‌కు ముందు ఇదే చూపించాలి, లేకపోతే పొద్దున్నే పిల్లలకు నీళ్లుండవు” అన్నారు. నా ప్రశ్నకు జవాబు మాత్రం చెప్పలేదు.

మీ అమ్మాయి సిస్టర్ గారిని కాలేజీ వార్షికోత్సవంలో, మైకు ముందు చూసి ఉంటుంది. తెల్లవారుజామున ప్రార్థన గదిలోనో, ఒకటో తారీఖున జీతాలకు డబ్బు చాలక కూడికలు వేసుకుంటున్నప్పుడో చూసి ఉండదు.

సభలన్నీ ఒకటి కావు. ఏలూరులో 1953లో సెయింట్ థెరిసాస్‌ను స్థాపించింది జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) సభ. విజయవాడ మేరిస్ స్టెల్లా 1962లో మొదలైంది, అది ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ వాళ్లది. 1877లో మన ఊటీలోనే పుట్టిన సభ అది. ఆసుపత్రులే ప్రధానంగా నడిపే సభలున్నాయి. గడప దాటకుండా ప్రార్థనలోనే గడిపే కార్మెల్ మఠాలున్నాయి. చదువు చెప్పాలన్న ఆశ ఉన్న పిల్ల ఇది చూసుకోకుండా చేరకూడదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టారా? మీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. అదే కారణమైతే ఆ పిల్లకు కావలసింది మఠం కాదు, రెండేళ్ల గడువు. అది మీరే ఇవ్వగలరు. కారణం అది కాకపోయినా ఆ రెండేళ్లు ఇవ్వండి. పీజీ ప్రవేశ పరీక్ష రాయించి కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీలో చేర్పించండి, నెట్‌కు కూర్చోమనండి. సెలవుల్లో రెండు మూడు సభల దైవపిలుపు శిబిరాలకు (మఠ జీవితాన్ని పరిచయం చేసేవి) పంపండి. మఠంలోకి వెళ్లినా, వెళ్లకపోయినా ఆ చదువు ఆమెతోనే ఉంటుంది.

ఈలోగా ములుగు సంగతి చెప్పి, “నిన్నూ అలా పంపితే వెళతావా?” అని అడగండి. వెంటనే జవాబు చెప్పమని పట్టుబట్టకండి.

వాళ్లమ్మను ఆ ప్రిన్సిపాల్ సిస్టర్ గారి దగ్గరికి ఒక్కరినే పంపండి. మీరు వెళ్లవద్దు, అమ్మాయీ వద్దు. సిస్టర్ గారికీ ఒక అమ్మ ఉంటుంది కదా, కూతురు మఠంలో చేరిన రోజు ఆ అమ్మ ఏమన్నారో అడగమనండి. సాయంత్రం అయిదు దాటాక వెళితే ఆఫీసులో రద్దీ ఉండదు.