నాయన కలను పుస్తకంలో రాయాలా, వద్దా?

"మాది అల్లూరు దగ్గర పల్లె. నాకు 36 ఏళ్ళు. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటాడు. నాయన పోయి ఏడాదిన్నర. ఆ రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు. వంటింట్లో పనిలో ఉండి ఎత్తలేదు, పొద్దున్నే చేద్దాంలే అనుకున్నా. తెల్లారేసరికి నిద్రలోనే పోయాడని కబురొచ్చింది. అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు ఒకటే కల. ఫోన్ మోగతా ఉంటుంది, ఇల్లంతా వెతుకుతా, దొరకదు. మూడున్నరకు మెలకువ వస్తే మళ్ళీ నిద్ర పట్టదు. కలలు నోట్‌బుక్‌లో రాసుకుంటే మంచిదని మా పాప అంటోంది. పీడకల ఒకరికి చెప్పకూడదు, రాయనే కూడదు, తెల్లారుజాము కల నిజమవుతుందని మా అత్త భయపడుతోంది. తలనొప్పికి ప్రొప్రనలాల్ మాత్ర మొదలుపెట్టాక కలలు ఇంకా ఎక్కువైనట్టున్నాయి. రాయమంటారా, మానమంటారా?"

చెల్లెమ్మా, మీరు అడిగింది నోట్‌బుక్ గురించి. నా మనసు మాత్రం ఆ పదింటి ఫోన్ దగ్గరే ఆగిపోయింది. ఏడాదిన్నరగా ఆ మాట ఇంట్లో ఎవరితోనైనా అన్నారా? ఉత్తరం చూస్తే అనలేదనే అనిపిస్తోంది.

ముందు అత్తగారి భయం సంగతి చూద్దాం. ఆవిడ మాటను కొట్టిపారేయకండి, తన లెక్కలో మిమ్మల్ని కాపాడాలనే చూస్తోంది. తెల్లారుజాము కలలే ఎక్కువ గుర్తుండటానికి ఒక కారణం ఉంది. కనుగుడ్లు రెప్పల కింద చకచకా కదిలే నిద్ర ఒకటుంది. 1953లో చికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ దాన్ని గమనించి లోకానికి చెప్పారు. కళ్ళకు కట్టినట్టుండే కలలు ఎక్కువగా ఆ నిద్రలోనే వస్తాయి. సుమారు గంటన్నరకొకసారి అది తిరిగి వస్తుంది, తెల్లవారే కొద్దీ దాని నిడివి పెరుగుతుంది. ఆ నడుమ మెలకువ వస్తే కల గుర్తుండిపోతుంది. మీ మూడున్నర వేళ అదే. జరగబోయేది ముందే చెప్పే శక్తి ఆ జాముకేమీ లేదు. అత్తగారికి ఇది చెప్పినా నమ్మకపోవచ్చు. ఆవిడకు గజేంద్రమోక్షం చదివే అలవాటుంటే, పొద్దున లేవగానే ఇద్దరూ కూర్చుని చదువుకోండి. దుస్స్వప్నాలు పోవడానికి చదవాలని భాగవతమే చెబుతోంది కాబట్టి ఆవిడకూ ధైర్యంగా ఉంటుంది, మీకూ ఆ వేళ ఒక తోడుంటుంది.

ఇక రాయడం. మీ పాప చెప్పింది మంచి మాటే. లేచీ లేవగానే రాసుకుంటే కలలు బాగా గుర్తుంటాయి, కానీ అది వాటిని గుర్తుంచుకోవాలనుకునే వాళ్ళ పద్ధతి. మీకు వచ్చేది ఒకటే కల, అదీ మరవలేని కల. దాన్ని వారానికి మూడుసార్లు, అదీ చీకట్లో ఒక్కరే కూర్చుని ఎక్కించుకుంటూ పోతే పుండును గీరుకున్నట్టే అవుతుంది. అందుకని ఆ రకం డైరీ మీకు వద్దంటాను.

ఒక్కసారి మాత్రం రాయండి. పగలు, పాప బడికి పోయాక, వెలుతురున్న చోట కూర్చుని కల మొత్తం రాయండి. మోగిన ఫోన్, మీరు వెతికిన గదులు, మీ గుండె దడ, అన్నీ. కింద గీత గీసి, అదే కలను మళ్ళీ మొదలుపెట్టి ముగింపు మార్చండి. ఎట్లా మార్చాలన్నది మీ ఇష్టం. ఫోన్ దేవుడి గూట్లో దొరకొచ్చు. ఎత్తితే నాయన "ఏమ్మే, తిన్నావా?" అని అడగొచ్చు. లేదా ఆయనే నడిచొచ్చి మీ వంటింటి గడపలో కూర్చోవచ్చు. ఆ మారిన కలను రోజూ పగలు పది, పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని తలచుకోండి. పాత కలను తిరగేసి చదవొద్దు. పీడకలలకు వైద్యులు వాడే పద్ధతే ఇది. లైంగిక దాడికి గురై పీడకలలతో నలిగిన స్త్రీల మీద అమెరికాలో దీన్ని పరీక్షించి, కలలు తగ్గాయని 2001లో ప్రకటించారు. కొన్ని వారాలు పడుతుంది, మొదటి రెండు మూడు రోజులు ఏడుపు కూడా రావచ్చు. మరీ ఉక్కిరిబిక్కిరైతే ఆపేసి, పక్కన మనిషి ఉన్నప్పుడు చేయండి.

మా అమ్మ పోయాక నేనూ కలలు రాశాను. రాసిందాన్ని పట్టుకుని ప్రతి కలకూ అర్థం వెతికాను. పాము కనిపిస్తే ఏమిటి, నీళ్ళు కనిపిస్తే ఏమిటి అని ఫలాల పుస్తకాలు తిరగేశాను. భయం పెరగడం తప్ప మరేమీ మిగల్లేదు. మీరు ఆ జోలికి పోకండి. ఫోన్‌లో కూడా రాయకండి. మీ కలలో మోగేదే అది, పైగా అర్ధరాత్రి ఆ వెలుగు కళ్ళలో పడితే వచ్చే నిద్ర కూడా పోతుంది. నాయన బాగా కనిపించిన కల ఎప్పుడైనా వస్తే, నవ్వుతూనో పొలం గట్టు మీదనో, దాన్ని మటుకు తప్పకుండా రాసుకోండి. ఆ పుస్తకం మీ పాపకు ఇవ్వదగ్గది.

మాత్ర సంగతి చిన్నదనుకోకండి. ప్రొప్రనలాల్ వాడే కొందరికి పీడకలలు పెరుగుతాయి. మీ అంతట మీరు ఆపొద్దు, ఆ మందును ఉన్నట్టుండి మానేయడం ప్రమాదం. రాసిచ్చిన డాక్టరు దగ్గరికి ఈ వారంలోనే వెళ్ళి, కలలు ఎప్పటి నుంచి ఎక్కువయ్యాయో చెప్పండి. నెల దాటినా నిద్ర కుదరకపోయినా, పగలు కూడా దిగులు వదలకపోయినా మానసిక వైద్యులను కలవండి. బతకాలనిపించని ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా మనసు బాగోలేని వాళ్ళకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఆ ఫోన్ గురించి ఒక్క మాట. నాయన పోయేది నిద్రలో అని మీకు ఆ రాత్రి తెలియదు. పొద్దున్నే చేద్దామనుకోవడం, రోజూ మాట్లాడుకునే తండ్రీ బిడ్డల మధ్య మామూలు సంగతి. ఆయన కూడా పొద్దున్నే చేస్తుందిలే అనుకునే పడుకుని ఉంటాడు.

తెల్లారే ముందు గుంట నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కాబట్టి, నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూడటానికి మీ ఆయన ఆ వేళకే లేస్తూ ఉంటాడు. మీకు మెలకువ వచ్చేదీ ఇంచుమించు అప్పుడే. ఈసారి నిద్రపోతున్నట్టు పడుకోకండి. ఆయన గుంట దగ్గర నుంచి వచ్చేసరికి టీ పెట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, పదింటికి నాయన ఫోన్ చేసిన సంగతి చెప్పండి.